మందగమనపు తుపానులు – శారదా తీరపు రైతుల కర్తవ్యము

తుపాను అను మాట వినినంతనే మన తీరవాసులకు మొదట స్ఫురించునది గాలి. ఆ పిమ్మట కెరటము. 1864 నవంబరు 1వ తేదీన మచిలీపట్నమును ముంచిన ఉప్పెనయు, 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెనయు, 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్నమును తాకిన హుద్‌హుద్ తుపానును జనుల మనస్సులలో అట్టి ముద్రనే వేసినవి. కాని దేవరాపల్లివలె సముద్రమునకు దూరముగా, కొండల పాదమున నున్న గ్రామముల రైతును నిలువున ముంచునది వేరొక జాతి తుపాను. దానికి గాలి తక్కువ, నడక తక్కువ, వాన మిక్కుటము. మన పూర్వులు గాలివానకును ముసురునకును భేదమెరిగియే వేర్వేరు పేర్లు పెట్టినారు. గాలివాన చెట్టును కూల్చిపోవును. ముసురు ఏటిని పొంగించును. ఈ రెండవదానినిగూర్చి రైతులకు కొన్ని మాటలు మనవి చేయ నెంచినాము.

2012వ సంవత్సరపు నీలం తుపానును ఉదాహరణముగా గైకొందము. అది అక్టోబరు 31వ తేదీన తమిళదేశమున మహాబలిపురము చెంత తీరము దాటినది. ఆ స్థలము దేవరాపల్లికి 600 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. దాని గాలివేగము గంటకు నూరు కిలోమీటర్లకు మించలేదు. తీరము దాటినదను వార్త వినినవారు ఇక మనకు భయము లేదనుకొనుట సహజము. కాని తుపాను బలహీనపడి అల్పపీడనముగా మారి, తిన్నగా ఉత్తరముగా మరలి, నవంబరు మొదటి దినములలో కోస్తా జిల్లాలపై వర్షములు కుమ్మరించినది. నాటి విశాఖపట్నము జిల్లాలో శారద, వరాహ, తాండవ నదులు పొంగినవి. కోతకు వచ్చిన వరి నీటిపాలైనది. పేరు పోగొట్టుకొని, గాలి పోగొట్టుకొని, తుపానని పిలువదగిన లక్షణమే లేని దశలో అది మనకు కీడు చేసినది.

2024వ సంవత్సరమున ఇట్టిదే మరియొకటి జరిగినది. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల నడిమి రాత్రి వాయుగుండము కళింగపట్నము సమీపమున తీరము దాటగా, అచ్చటికి సుమారు 400 కిలోమీటర్ల దూరముననున్న విజయవాడలో బుడమేరు గండ్లుపడి పేటలకు పేటలే మునిగినవి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను చెన్నపట్టణమునకు ఎదురుగా సముద్రముపై మెల్లమెల్లగా కదలుచు ఆ నగరమును ముంచి, ఆ తరువాతనే 5వ తేదీన బాపట్ల చెంత తీరమెక్కినది. ఈ మూడు ఉదాహరణములవలన తేలునది ఒక్కటియే. తుపాను ఎచ్చట తీరము దాటును, దాని గాలి ఎంత అను రెండు ప్రశ్నలు రైతుకు చాలవు. అది ఎంత వేగముగా నడచుచున్నది, ఏ కొండలమీద ఎన్ని గంటలు నిలుచును అను ప్రశ్నలే మనకు ముఖ్యములు.

ఇందలి లెక్క మిక్కిలి సులభము. 300 కిలోమీటర్ల వెడల్పుగల మేఘసమూహము గంటకు అర సెంటిమీటరు చొప్పున వర్షించుచున్నదనుకొందము. అది గంటకు 20 కిలోమీటర్ల వేగముతో నడచినచో ఒక ఊరిని 15 గంటలలో దాటిపోవును. ఆ ఊరికి కురియునది ఏడున్నర సెంటిమీటర్లు. వేగము 10 కిలోమీటర్లైనచో 30 గంటలు నిలిచి 15 సెంటిమీటర్లు కురియును. 5 కిలోమీటర్లైనచో 60 గంటలు, 30 సెంటిమీటర్లు. మేఘము అదియే, వాన జోరు అదియే. నడక మందగించుటవలననే చెరువు నింపవలసిన వాన చెరువును తెంచు వానగా మారుచున్నది.

ఇట్టి మందగమనము ముందుకంటె హెచ్చుచున్నదా అను విషయమై శాస్త్రజ్ఞులు చర్చించుచున్నారు. జేమ్స్ కాసిన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1949 మొదలు 2016 వరకుగల లెక్కలను పరిశీలించి, ప్రపంచమందలి తుపానుల నడక సుమారు నూటికి పదివంతులు తగ్గినదని 2018లో ప్రకటించెను. ఉపగ్రహములు లేని కాలపు లెక్కలు అంత నమ్మదగినవి కావని ఇతరులు ఆక్షేపించిరి. ఆ వాదము ఎట్లు తేలినను, ఒక సంగతి మాత్రము నిర్వివాదము. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి ఏడువంతులు ఎక్కువ తేమను మోయగలదు. నిలిచి కురియు మేఘము మునుపటికంటె నిండుకుండయై వచ్చుచున్నదని దీని భావము.

ఇక మన ఏటి స్వభావమును విచారింతము. శారద అనంతగిరి కొండలలో పుట్టి, దేవరాపల్లి మండలమున రైవాడ జలాశయమును నింపి, చోడవరము, అనకాపల్లి, కశింకోట ప్రాంతములమీదుగా పారి, రాంబిల్లివైపున సముద్రమును చేరును. దారిలో బొడ్డేరు, పెద్దేరు మున్నగునవి తోడగును. గోదావరివలె వేయి కిలోమీటర్లు నడచి వచ్చు నది కాదిది. నూటయిరువది కిలోమీటర్ల చిన్న నది. గోదావరికి ఎగువన వరద వచ్చినచో దిగువవారికి కొన్ని దినముల వ్యవధి చిక్కును. శారదకు అట్టి వ్యవధి లేదు. కొండమీద రాత్రి కురిసిన వాన తెల్లవారునప్పటికి గెడ్డలన్నిటిలోను బురదరంగుతో దిగివచ్చును.

ముసురు మొదటి దినమున నేల త్రాగును. రెండవ దినమున నేల తృప్తిచెంది, చెరువులు త్రాగును. మూడవ దినమున నేలకును చెరువునకును చోటు లేక, కురిసిన ప్రతి చినుకును ఏటికే పోవును. అందుచేత మొదటి దినపు పది సెంటిమీటర్లును మూడవ దినపు పది సెంటిమీటర్లును ఒకటి కావు. వాన తగ్గుముఖము పట్టినది, ఇక పొలము చూచివత్తమని రైతు బయలుదేరు వేళకే ఏటికి పూర్తి ఉధృతము వచ్చును. ఇట్టి వరదలలో ప్రాణనష్టము తరచుగా వాన వెలిసిన పిమ్మట, కాజ్‌వేలు దాటునప్పుడును, పశువులను విప్పబోవునప్పుడును కలుగుటకు ఇదియే కారణము. మరియు తుపాను వేళ సముద్రము పొంగియుండినచో నదీముఖమున నీరు వెనుకకు తన్నుకొనును. దిగువ గ్రామములలో ముంపు దినముల తరబడి తీయదు.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. రైవాడ జలాశయపు పూర్తి మట్టము 114 మీటర్లు. ఆ నీటిపై ఆయకట్టు రైతుకు హక్కు కలదు. విశాఖపట్నపు ప్రజలకు త్రాగునీటి అవసరము కలదు. ఆశ్వయుజ కార్తికములు వచ్చుసరికి జలాశయము నిండియుండవలెనని అందరును కోరుదురు. వేసవి చెఱకునకు తడి కావలెను, రెండవ పంటకు నీరు కావలెను, పట్టణమునకు కుళాయి ఆగరాదు. ఈ కోరిక న్యాయమైనదే. కాని మన ప్రాంతమున తుపానుల కాలమును సరిగా ఆ ఆశ్వయుజ కార్తికములే. నిండిన కుండలో నీరు పోసినచో పొర్లక తప్పునా? నీటిని దాచుటకై కట్టిన జలాశయము వరదను ఆపవలెనన్నచో దానిలో కొంత చోటు ఖాళీగా నుండవలెను. నిండుగా ఉంచవలెను, వరదయు ఆపవలెను అను రెండు కోరికలను ఒక్క కట్ట ఒక్కసారి తీర్చలేదు.

దీనిని అంకెలతో చూచినచో మరింత స్పష్టమగును. నూరు చదరపు కిలోమీటర్ల కొండనేలపై పది సెంటిమీటర్ల వాన కురిసి, ఆ నీరంతయు జలాశయమునకు వచ్చినదనుకొందము. అది ఒక కోటి ఘనపు మీటర్లు, అనగా సుమారు 35 కోట్ల ఘనపుటడుగులు. ఆ నీటికి చోటు చేయుటకై ముందుగా రెండు దినములపాటు వదలినచో సెకనుకు రెండువేల ఘనపుటడుగుల చొప్పున, అనగా రెండువేల క్యూసెక్కుల చొప్పున పోవును. ముందు వదలక, జలాశయము నిండిన పిమ్మట కట్ట క్షేమమునకై ఆరు గంటలలో వదలవలసి వచ్చినచో పదునారువేల క్యూసెక్కులు దాటును. నీరు అదియే. మొదటి పద్ధతిలో అది ఏటిలో పారును. రెండవ పద్ధతిలో గట్టు తెంచుకొని పొలములో పారును.

ఇతర దేశముల అనుభవము సైతము దీనినే బోధించుచున్నది. 2017 ఆగస్టులో హార్వీ అను తుపాను అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమును చేరి, దినముల తరబడి అచ్చటనే తిరుగాడి, ఒకచోట 150 సెంటిమీటర్లకు మించి కురిసినది. హ్యూస్టన్ నగరమునకు ఎగువననున్న ఆడిక్స్, బార్కర్ అను రెండు జలాశయములు వరద నాపుటకై కట్టినవి. వానికి వేరు పని లేదు. అట్టివియు నిండిపోగా, వాన కురియుచుండగనే ఆగస్టు 28వ తేదీనుండి నీరు వదలవలసివచ్చెను. దిగువనున్న ఇండ్లు మునిగినవి. ఎగువన నీరు ఎగదన్నిన ఇండ్లును మునిగినవి. వరదకొరకే కట్టిన జలాశయముల గతి అట్లుండగా, త్రాగునీటికిని సాగునీటికిని కట్టిన జలాశయముపై అధికమైన ఆశ పెట్టుకొనుట తగదు.

2018లో కేరళ వరదల సమయమున జలాశయములపై పెద్ద వివాదము రేగినది. ఆ యేడు జూన్ 1 మొదలు ఆగస్టు 19 వరకు ఆ రాష్ట్రమున సాధారణముకంటె నూటికి 42 వంతులు హెచ్చుగా వర్షించెను. ఆగస్టు నడుమ భారీ వానలు వచ్చునప్పటికే పెక్కు జలాశయములు నిండియుండెను. కేంద్ర జలసంఘము విచారించి, జలాశయములు వరదను పెంచనూ లేదు, తగ్గించనూ లేదని తేల్చెను. ఈ తీర్పును పలువురు పలువిధముల వ్యాఖ్యానించిరి. మాకు తోచిన అర్థమిది. నిండిన జలాశయము నిర్దోషి కావచ్చును గాని ఉపకారి కాజాలదు.

ఇందుకు వచ్చు ఆక్షేపణను మేమెరుగుదుము. ముందుగా నీరు వదలిన పిమ్మట తుపాను వేరు దారి పట్టి వాన కురియకపోయినచో ఎవరు బాధ్యులు? ఎండిన చెఱకునకు ఎవరు జవాబు చెప్పుదురు? ఇది త్రోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. వదలిన నీరు మరల రాదు. అందువలననే ఈ నిర్ణయము ఏ ఒక్క ఉద్యోగి తలమీదను మోపక, ముందుగానే వ్రాసిపెట్టిన నియమముగా నుండవలయునని మా అభిప్రాయము. ఏ నెలలో ఏ తేదీకి నీటిమట్టము ఎంతకు మించరాదో, ఎట్టి వర్షసూచన వచ్చినచో ఎంత నీరు ముందుగా వదలవలెనో తెలుపు పట్టిక యొకటి ప్రతి గ్రామ సచివాలయముననూ, ప్రతి సహకార సంఘ కార్యాలయముననూ తెలుగున అంటింపబడవలెను. కార్తికము కడచువరకు కొంత చోటు ఉంచుట, తుపానుల కాలము వెనుకబడిన కొలది మట్టమును పెంచుకొనుట ఆ పట్టికకు మూలసూత్రము కావలెను. ఆ నియమము పాటించుటవలన ఏ సంవత్సరమైన నీటికి లోటు వచ్చినచో, దానిని ఆయకట్టును పట్టణమును న్యాయమైన వంతులలో పంచుకొనవలెను. క్షేమము అందరిదైనప్పుడు కొరతయు అందరిదే. ఈ ఒప్పుదల లేక రైతు ఒక్కడే పణమొడ్డవలెననుట ధర్మము కాదు. రైతు ఏమియు ఒడ్డక రక్షణ కోరుటయు సాధ్యము కాదు.

రెండవది హెచ్చరిక. రేవులలో ఎగురవేయు 1 మొదలు 11 వరకుగల ప్రమాదసూచికలు ఓడలకొరకు ఏర్పడినవి. వాతావరణ శాఖవారు జిల్లాల వారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగులతో వర్షసూచన తెలుపుచున్నారు. అది మేలైన మార్పు. కాని ఏటి ఒడ్డు రైతుకు కావలసిన మాట అంతకంటె సూటియైనది. "రేపు తెల్లవారుజామున ఇన్నివేల క్యూసెక్కులు వదలుదురు, మీ ఊరి కాజ్‌వేపై నీరు ఇంత ఎత్తున పారును, పశువులను నేటి సాయంకాలమే మెరకకు తోలుడు" అను మాట కావలెను. అది చేతిఫోనునకు రావలెను. చేతిఫోను లేనివారికై దండోరాయు వేయవలెను. కరెంటు పోయిన రాత్రి దండోరాయే పనికివచ్చును.

మూడవది, ప్రభుత్వము చేయువరకు వేచియుండక మనమే చేయదగిన పని. ప్రతి గ్రామమున ఒక వర్షమాపకమును నిలిపి, దినదినము కొలత వ్రాసియుంచుట పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కొండ దాపుననున్న గ్రామపు సంఘము రాత్రి కురిసిన వాన ఎంతయో దిగువ గ్రామపు సంఘమునకు తెలిపినచో, దిగువవారికి కొన్ని గంటల వ్యవధి దొరకును. ఆ కొన్ని గంటలలో కల్లములోని ధాన్యము ఇల్లు చేరును. ఇది సహకారమునకు నిజమైన నిర్వచనము. ఎగువవాడు దిగువవానికి చెప్పు ఒక్క మాట, బ్యాంకు ఇచ్చు వేయి రూపాయల అప్పుకంటె విలువైనది కాగలదు.

నాలుగవది గట్టులు, గెడ్డలు, చెరువులు. మన చెరువులు గొలుసువలె ఒకదాని దిగువ ఒకటి యున్నవి. పై చెరువు తెగినచో దాని నీరు క్రింది చెరువును తెంచును. కావున అలుగును మూసి చేపలకై వల కట్టుట, అలుగుపై ఇసుకబస్తాలు పేర్చి నాలుగంగుళముల నీరు హెచ్చుగా నిలుపుట మొదలగు పనులు ఒక్క ఊరి వ్యవహారములు కావు. అవి దిగువ ఊరి ప్రాణములతోడి చెలగాటములు. అట్లే మురుగుకాలువను ఆక్రమించి మడి వేసినవాడు తనకు నాలుగు కుంచముల ధాన్యము సంపాదించుకొని, ఎగువనున్న నలుబది యకరములకు ముంపు తెచ్చుచున్నాడు. ఏటి ఇసుకను గట్టు మొదలువరకు త్రవ్వి తరలించినచో ఆ గట్టు మొదటి ముసురుకే జారును. గండిపడి ఆ ఇసుకయే పొలములలో మేటవేయును. ఈ పనులు ఎవరు చేసినను, వారు మనవారైనను, సంఘ సమావేశమున లేచి అడుగవలెను. వైశాఖ జ్యేష్ఠములలో పూడిక తీయని కాలువను కార్తికములో తిట్టి ప్రయోజనము లేదు.

ఇక పైరును గూర్చి. ముంపునకు ఓర్చు స్వర్ణ-సబ్‌1 అను వరి మన దేశమున 2009లో విడుదలయ్యెను. ఒడిషాకు చెందిన ఒక పాత వరినుండి గ్రహించిన గుణమువలన అది పిలకల దశలో సుమారు రెండు వారములు నీటిలో మునిగినను మరల తేరుకొనగలదు. పల్లపు భూములవారు దానిని పరిశీలింపవచ్చును. అయితే కంకి పాలుపోసుకొను దశలో, గింజ ముదిరిన దశలో ఆ గుణము కాపాడదని తెలియవలెను. మన తుపానులు తరచు ఆ దశలోనే వచ్చును. పడిపోయి నీట నానిన కంకులమీద మొలకలు రాకుండుటకై లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి చల్లవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కోతకు సిద్ధమైన వరిని వర్షసూచన యున్నప్పుడు కోయక నిలుపుటయే మేలు. కోసి పనలుగా పరచినది నీటిపాలైనచో మిగులునది గడ్డియు కాదు. చెఱకునకు జడచుట్లు వేసి నిలబెట్టుట, తోటలో నీరు నిలువకుండ కాలువలు తీయుట తుపాను రాకముందే కావలసిన పనులు. అనకాపల్లిలో 1913 నుండియు చెఱకు పరిశోధన కేంద్రము కలదు. దానిని సంప్రదించుటకు రైతు వెనుదీయరాదు.

పంట బీమా విషయమున ఒక్క హెచ్చరిక. 2016లో ఏర్పడిన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నిబంధనలలో, కోసి పొలమున ఆరబెట్టిన పంటకు 14 దినములవరకు రక్షణ చూపబడినది. నష్టమును 72 గంటలలోగా తెలుపవలెనని నియమము. ఏటి ఒడ్డున మూడు దినములు నీరు తీయక, దారిలేక చిక్కుపడిన రైతునకు ఈ 72 గంటలు ఎట్లు చాలును? కావున సభ్యుని పక్షమున సంఘమే నష్టవార్తను తెలుపు ఏర్పాటు ముందుగా చేసికొనవలెను. ఆ సంవత్సరము తమ పంట, తమ గ్రామము బీమాకు ప్రకటింపబడినవో లేవో నాట్లనాడే విచారింపవలెను. వరదనాడు విచారించి లాభము లేదు.

అనకాపల్లి 2022 ఏప్రిల్ 4వ తేదీనుండి ప్రత్యేక జిల్లా యైనది. కొండలలో నది పుట్టుచోటును పాలించు జిల్లా వేరు, నది పారుచోటును పాలించు జిల్లా వేరు, ఆ నీరు త్రాగు పట్టణమును పాలించునది వేరు. ఏటికి ఈ హద్దులు తెలియవు. కావున హద్దులకు అతీతముగా ఏటివెంట మాటలాడుకొనగలవారు రైతులే. వారికి అట్లు మాటలాడుకొను వేదిక సహకార సంఘమే. రాబోవు సర్వసభ్య సమావేశమున మూడు తీర్మానములు చేయవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. జలాశయ మట్టముల పట్టికను బహిరంగపరుపవలెనని అధికారులకు విన్నపము పంపుట. ఎగువ దిగువ గ్రామముల సంఘముల నడుమ వర్షవార్త తెలుపుకొను ఏర్పాటు చేయుట. వర్షాకాలమునకు ముందు ప్రతి సభ్యుడును రెండు దినముల శ్రమను తన ఊరి గెడ్డకును కాలువకును ధారపోయుట.

తుపానును త్వరగా నడువుమని ఆజ్ఞాపింప మనకు శక్తి లేదు. అది నిలిచి కురియునప్పుడు దానికి చోటు చూపుట, దిగువవానికి కబురు చెప్పుట, గట్టు పదిలముగా నుంచుకొనుట మన చేతిలోనివి. చేతిలోని పనులను చేయక దైవమును నిందించుట రైతు లక్షణము కాదు. విత్తుటకు ముందు దుక్కి దున్నువాడు, వరదకు ముందు కాలువ త్రవ్వజాలడా?